ఔత్సాహిక రేడియో సంఘముల చరిత్ర: సైలెంట్ కీల స్మారకోపన్యాసము



దివంగతుడైన తోటి ఔత్సాహికుని ‘సైలెంట్ కీ’ యని పేర్కొనుట ఈ విద్య నభ్యసించినవారి ఆచారము. అట్టి మన పెద్దల స్మృత్యర్థము జరుగు ఈ యుపన్యాసమును నాకు అప్పగించిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. హ్యామ్ రేడియో యని పిలువబడు ఈ విద్యను గూర్చి పత్రికలు వ్రాయునపుడెల్ల తుఫానులను, భూకంపములను ముందు నిలిపి, టెలిఫోనులు మూగవోయిన వేళ ఈ కొద్దిమంది చేసిన సేవను కొనియాడుట పరిపాటి. ఆ ప్రశంసకు వారు తగినవారే. అయినను కథను తుదినుండి చదివినవారికి మొదలు తెలియదు. ఈ సంఘములు వినోదమునకై పుట్టినవి. గాలిలో ఎంతదూరము మన మాట పోవునో చూతమను కుతూహలమే వాని తల్లి. ఆపదలో అక్కరకు వచ్చిన విద్య యంతయు తీరికవేళల ఆడిన యాటలో అలవడినదే యనియు, ఆట మానినచోట ఆ విద్యయు నిలువదనియు చెప్పుటయే నేటి నా ప్రయత్నము.

ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఇట్టి సంఘములు ఒక్కొక్కటిగా తలయెత్తినవి. న్యూయార్కులో 1909లోను, ఆస్ట్రేలియాలో 1910లోను, లండనులో 1913లోను వెలసిన సంఘములు నేటికిని పేరు మార్చుకొనియో మార్చుకొనకయో బ్రతికియున్నవి. అమెరికాలో ఈ కుర్రవాండ్ర టకటకలు నౌకల వార్తలకు అడ్డుతగులుచున్నవను ఫిర్యాదు పుట్టి, 1912 నాటి శాసనము వారిని 200 మీటర్లకును, అంతకు తక్కువ తరంగదైర్ఘ్యములకును పరిమితము చేసినది. తరంగము పొట్టియగుకొలది దూరము పోజాలదని ఆనాటి ఇంజనీర్ల నిశ్చయము. కావున, ఊరవతలి చవిటినేలను దానమిచ్చినట్లు, ఎవరికిని పనికిరాదనుకొన్న భాగమును వీరికి విడిచిరి. 1914లో హార్ట్‌ఫర్డ్ నగరమున హిరం పెర్సీ మాక్సిం, క్లారెన్స్ టస్కా అనువారు స్థాపించిన అమెరికన్ రేడియో రిలే లీగు, ఒక్క గంతున దూరము పోలేని సందేశమును ఒకరినుండి యొకరికి అందించుచు దేశము దాటింప పూనుకొనెను. ఆ సంఘము పంపగా పాల్ గాడ్లీ 1921 డిసెంబరులో స్కాట్లండు తీరమున ఆర్డ్రాసన్ వద్ద గుడారము వేసికొని, ఆ శీతకాలపు రాత్రులలో చెవియొగ్గి కూర్చుండి, అట్లాంటిక్ ఆవలి ఔత్సాహికుల సంకేతములను వినెను. రెండేండ్లకు, 1923 నవంబరులో, ఫ్రాన్సునుండి లియోన్ డెలోయ్, అమెరికానుండి ఫ్రెడ్ ష్నెల్, సుమారు 100 మీటర్ల తరంగముపై మోర్సు సంకేతములతో పరస్పరము పలుకరించుకొనిరి. పొట్టి తరంగము నేలవెంట ప్రాకక ఆకాశమున కెగసి, సూర్యకిరణములచే విద్యుద్భరితమైన అయనావరణమున వంగి, వేలమైళ్ల దూరమున దిగివచ్చునని లోకమునకు ఆచరణలో చూపినవారు ఈ జీతములేని కుతూహలపరులు. చూపిన పిమ్మట జరుగవలసినదే జరిగినది: పెద్ద సంస్థలును, ప్రభుత్వములును ఆ చవిటినేలలో వాటా అడుగుటకు వచ్చినవి. తమ తరంగములను కాపాడుకొనుటకే ఔత్సాహికులు 1925లో పారిస్‌నందు అంతర్జాతీయ సమాఖ్యగా ఏర్పడిరి; ఆ దినమైన ఏప్రిల్ 18 నేడు వారికి పర్వదినము.

మన దేశమున 1921లో అమరేంద్రచంద్ర గుప్తు కలకత్తాలో ‘2జేకే’ యను సంకేతముతో తొలి ఔత్సాహిక కేంద్రమును నడిపెను. 1923లో వంగదేశపు రేడియో క్లబ్బు వెలసెను. తెలుగువారికి దగ్గరి సంగతి మదరాసుది. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలకును అదియే రాజధాని. సి.వి. కృష్ణస్వామి సెట్టి పూనికతో 1924 మే 16న ‘మదరాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు’ ఏర్పడి, ఆ జూలై 31నుండి 40 వాట్ల చిన్న యంత్రముతో సంగీతమును, ప్రసంగములను ప్రసారముచేయ మొదలిడెను. మూడేండ్లు నడిచి, ధనము చాలక, 1927లో క్లబ్బు మూతపడగా, యంత్రసామగ్రి నగరపాలక సంస్థకు చేరి, 1930 ఏప్రిల్ నుండి ఆ సంస్థయే ప్రసారములను సాగించెను. 1938లో ఆకాశవాణి వచ్చువరకు మదరాసునకు దిక్కు అదియే. మన తాతలు రేడియోలో పాట వినుటకు దారితీసినది చందాలు పోగుచేసికొన్న ఒక క్లబ్బనియు, ఆ క్లబ్బు ధనము చాలకయే ముగిసినదనియు గుర్తుంచుకొనినచో, కోశాధికారి లెక్కలు చదువునపుడు మనము ఇంకొంచెము ఓపికతో విందుము.

ఏలికలకు ఈ విద్యపై భయమును లేకపోలేదు. 1939లో యుద్ధము రాగానే లైసెన్సులు నిలిచిపోయినవి. మూడేండ్లకు, క్విట్ ఇండియా దినములలో, బొంబాయిలో ఉషా మెహతా ప్రభృతులు నడిపిన కాంగ్రెసు రేడియో, ఇల్లు వెంట ఇల్లు మారుచు కొద్దినెలలు పలికి, నవంబరులో పోలీసులకు చిక్కెను. ఆ యంత్రమునకు వలసిన నేర్పు ఔత్సాహికుల బల్లలమీద పెరిగినదే గదా, భయము నిర్హేతుకమని యెట్లందుము! స్వాతంత్ర్యానంతరము 1948 మే 15న మౌ పట్టణపు సిగ్నల్స్ స్కూలునందు భారత ఔత్సాహిక రేడియో క్లబ్బు ప్రారంభమై, 1954లో ఢిల్లీకి తరలి, ‘అమెచూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా’ యను నేటి పేరు దాల్చెను. హైదరాబాదున 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ నెలకొన్న పిమ్మట మన ప్రాంతమున ఈ విద్యకు ఒక ఇల్లు ఏర్పడినది. ‘వీయూ2ఆర్జీ’ సంకేతము గల రాజీవ్ గాంధీ ప్రధానియైనపుడు ఢిల్లీలో ఒక సానుభూతిపరుడును లభించెను.

ఇక ఆటకు వత్తును. తెల్లవారి కాఫీవేళ 7 మెగాహెర్ట్జ్‌లపై కూడు ‘నెట్’ను బయటివాడు విన్నచో, వీరికి వేరు పనిలేదా యనుకొనును: ఒకడు హాజరు పిలుచును, తక్కినవారు వరుసగా పలుకుదురు, ఊరిలో ఎండ యెంత, యాంటెన్నా యెంత యెత్తు, సంకేతము ఐదింట యెన్ని పాళ్లు వినబడుచున్నది, అంతియే సంభాషణము. కాని గమనింపుడు. ఎవరును ఎవరిమాటకును అడ్డురారు. నెట్ కంట్రోల్ అనుమతి లేక పెదవి కదపరు. ‘అత్యవసరము’ అన్న ఒక్కమాట వినబడినంతనే నలుబదిమంది ఒక్కమారుగా మౌనము వహింతురు. రాజదండనముచేత గూడ సాధ్యము కాని ఈ క్రమశిక్షణ హాస్యములతో, వాతావరణ వార్తలతో అలవడుట నాకు ఎల్లప్పుడును ఆశ్చర్యకరము. అమెరికాలో 1933 నుండి జూనుమాసమున ‘ఫీల్డ్ డే’ జరుగుచున్నది. ఇల్లువిడిచి, మైదానమున గుడారమువేసి, జనరేటరుతోనో బ్యాటరీతోనో ఒక దినమంతయు ఎంతమందిని పలుకరించిరో లెక్కించుకొను వేడుక యది. విపత్తుకు అదియే సాధన యని నిర్వాహకులు చెప్పుదురు గాని, గుడారములోని వారి మనస్సు మాత్రము పాయింట్లమీదనే యుండును. ఉండనిండు! దాచిన చిన్న ట్రాన్స్‌మిటరును చేతి యాంటెన్నా త్రిప్పుచు వెదకు ‘ఫాక్స్ హంట్’లో మన క్లబ్బుల పిల్లలు పొదలలో పడి లేచుచు దిక్కును కనిపెట్టుట నేర్చుచున్నారు. అక్టోబరుమాసమున స్కౌట్లకై జరుగు ‘జంబోరీ ఆన్ ది ఎయిర్’ 1957 ప్రాంతమున పుట్టినది. ఈ యాటలకెల్ల పెద్దయాట దూరదేశపు దీవికి పోయి, అచటినుండి పలుకుట. అపుడు లోకమంతయు ఆ దీవిని పలుకరించి ఆ సంభాషణను ధ్రువపరచు క్యూఎస్సెల్ కార్డు సంపాదింప త్రొక్కిసలాడును.

అట్టి యాటకే 2004 డిసెంబరులో హైదరాబాదు సంస్థ తరఫున భారతీప్రసాద్ నాయకత్వమున ఒక బృందము పోర్ట్‌బ్లెయిర్ చేరెను. అండమానునుండి ఔత్సాహిక ప్రసారములకు ఏండ్ల తరబడి అనుమతి లేదు; అందుచేత ఆ దీవుల సంకేతమగు ‘వీయూ4’ వినబడగానే ఖండఖండాంతరములనుండి పిలుపులు ముసిరినవి. వేలకొలది సంభాషణలు జరుగుచుండగా డిసెంబరు 26 ఉదయమున భూమి కంపించెను. పిదప సముద్రము విరుచుకొనిపడెను. బృందమువారు క్రొత్తగా తెచ్చుకొనవలసినది లేకపోయెను: యంత్రములు బిగించియున్నవి, యాంటెన్నాలు నిలిచియున్నవి, ఏ వేళ ఏ తరంగము ప్రధానభూమికి పోవునో మూడువారములుగా చేతులకు, చెవులకు తెలిసియున్నది. కార్డులకై లెక్కించిన సంభాషణల స్థానమున, బ్రతికియున్నవారి క్షేమవార్తలు, ఆత్మీయులకై వెదకువారి ప్రశ్నలు సాగినవి. కార్ నికోబార్ వరకును ఈ వార్తావాహిని విస్తరించెను. నెలరోజులు ముందుగా ఏ విపత్తునిర్వహణ సమితియైనను ‘ఒక దీవిలో హ్యాములను సిద్ధముగా నుంచుడు’ అని ఉత్తర్వు చేయగలిగి యుండెడిదా? ఆటయే అచట వారిని నిలిపినది.

తుఫానే రానవసరము లేదు. గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన వృద్ధులను, మతిమరుపుచే ఊరుపేరు చెప్పలేనివారిని, పశ్చిమ వంగ రేడియో క్లబ్బువారు మాటతీరునుబట్టియు, తడబడు వివరములనుబట్టియు ఏ రాష్ట్రపువారో గుర్తించి, అచటి హ్యాములద్వారా కుటుంబములకు చేర్చుచు వచ్చిరి. మన పుష్కరఘాట్లలో మైకుముందు నిలిచి ఏడ్చు ముసలమ్మలను చూచినవారికి ఈ పనియొక్క విలువ నేను వివరింపనక్కరలేదు. మైకు ఘాటువరకే వినబడును. ముసలమ్మ ఊరు ఎక్కడనో యున్నది.

2005 మే 5న శ్రీహరికోటనుండి ఇస్రో ఎగురవేసిన ‘హ్యామ్‌శాట్’ తొమ్మిదేండ్లు తిరిగి మౌనము వహించెను. దాని కథకు వేరొక ఉపన్యాసము కావలెను. నేడు మన సంఘమునకు కావలసినది అంతకన్న చిన్నది. అపార్టుమెంటు సంఘములు డాబాపై ఒక తీగ కట్టనీయకున్నవి. చూపునకు బాగుండదట, పిడుగులు పడునట. లైసెన్సు పరీక్ష నెగ్గిన కుర్రవాండ్రు యాంటెన్నాకు చోటు లేక చేతిసెట్టుతో సరిపుచ్చుకొనుచున్నారు. ఊరిలోని పాఠశాలల యజమానులు కొందరు ఈ సభలోనే యున్నారు. మేడమీద రెండు స్తంభములకును, క్రింద ఒక చిన్నగదికిని అనుమతి నొసగినచో, తీగెయు, యంత్రమును సంఘమే తెచ్చుకొనును. ఆదివారము ఉదయమున పిల్లలకు మోర్సు చెప్పుటకు ముగ్గురు పెద్దలు ఇదివరకే ఒప్పుకొని యున్నారు.