బొప్పాయి: పండు వేరు, పాలు వేరు

కోడలు నెల తప్పిందని తెలియగానే చాలా తెలుగిళ్లలో పెద్దవాళ్లు మొదట దూరం పెట్టేది బొప్పాయినే. వేడి చేస్తుందని, కడుపు నిలవదని భయం.

ఆ భయంలో నిజం లేకపోలేదు. 2002లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకలపై పరీక్షించి చూశారు. బాగా పండిన బొప్పాయి రసానికి గర్భాశయ కండరం పెద్దగా స్పందించలేదు. పచ్చికాయకు గాటు పెడితే కారే తెల్లటి పాలు మాత్రం, కాన్పు నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్‌లాగే, ఆ కండరాన్ని గట్టిగా ముడుచుకునేలా చేశాయి. కాయ పండేకొద్దీ ఆ పాలు తగ్గిపోతాయి.

ఇది మనుషులపై చేసిన పరీక్ష కాదు. అయినా పచ్చి బొప్పాయి కూర వండిన రోజు గర్భిణికి అది వడ్డించకపోవడమే మంచిది. దోరకాయలోనూ ఈ పాలు కొంత మిగిలే ఉంటాయి.