బొమ్మకెక్కనివాళ్ళు
(పేట సభలో చేసిన ప్రసంగం)



ఇవాళ మేము మీకు చూపిద్దామని ఒక బొమ్మ పట్టుకొచ్చాం. ఇది నకలు. అసలుది గుడ్డ మీద నూనె రంగులతో 1731 ప్రాంతంలో వేసింది. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ దగ్గరుంది. చూడండి, ముందు సముద్రం, ఓడలు. వెనక మద్రాసు సెయింట్ జార్జి కోట.

ఓడలు వేసింది శామ్యూల్ స్కాట్. కోటా ఒడ్డూ వేసింది జార్జ్ లాంబర్ట్. ఇద్దరూ మద్రాసు మొహం చూసినవాళ్ళు కాదు! వేయించింది ఈస్టిండియా కంపెనీ దొరలు. లండన్‌లో తాము సమావేశమయ్యే గదికి ఇలాంటివి 6 వేయించుకున్నారు: మద్రాసు, బొంబాయి, కలకత్తా, తెల్లిచెర్రి, కేప్, సెయింట్ హెలీనా. మోతుబరి గట్టు మీద నిలబడి పొలం చూసుకున్నట్టు, దొరలు కుర్చీల్లో కూర్చుని తమ రేవులు చూసుకున్నారన్నమాట.

ఇప్పుడు మేమడిగేది ఒకటే. ఓడల్లో సరుకు ఒడ్డుకెలా చేరింది? మద్రాసులో హార్బరు పని మొదలైందే 1870ల్లో. అంతదాకా ఓడలు దూరాన లంగరేసేవి. మనుషుల్నీ మూటల్నీ దాటించింది మసూలా పడవలు. మేకు కొట్టకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి. మేకుల పడవ ఆ కెరటాలకి పగిలేది, కుట్టిన పడవ వంగి తట్టుకునేది. ఆ తెలివి ఏ కాలేజీది? చేపలు పట్టే కులాలది. ఓడలకెక్కిన గుడ్డ నేసిందెవరు? ఈ తీరం నేతగాళ్ళు. అందులో మన తెలుగు సాలెలు, దేవాంగులు ఉన్నారు.

ఇంకో సంగతి వినండి. సెయింట్ హెలీనా అట్లాంటిక్ సముద్రం నడుమ దీవి. 1680ల్లో ఇదే మద్రాసు నుంచి కంపెనీ ఓడలు మనుషుల్ని బానిసలుగా ఆ దీవికి తీసుకెళ్ళాయి. కరువులో ఆకలికి అమ్ముడైనవాళ్ళు, ఎత్తుకొచ్చిన పిల్లలు ఈ తీరాన బానిసలయ్యారు. గోడమీద రెండు రేవులూ ఉన్నాయి. వాటి మధ్య ఏడ్చుకుంటూ పోయిన మనిషి మాత్రం లేడు.

బొమ్మ అబద్ధమని మేమనడం లేదు. దొరలకు కావలసిన మద్రాసు అది. మరి మనక్కావలసినది ఎవరు గీయాలి?

మన ఊళ్ళో మాత్రం ఏముంది? చెరువు గట్టు రాతిమీద తవ్వించినవాడి పేరుంటుంది. తట్ట మోసిన మాల మాదిగల పేరుండదు. ముసలమ్మలు బతికుండగానే అడగండి. బడికి రాళ్ళెవరు మోశారు? బాటెవరు వేశారు? నోటుపుస్తకంలో పేరూ ఇంటిపేరూ రాయండి. పిల్లల చేత బొమ్మలు గీయించండి. వచ్చే మీటింగుకి పేటకో పుస్తకం రావాలి. మన బొమ్మ మనం గీసుకోకపోతే, మన మొహం చూడనివాడే గీస్తాడు.

జై భీమ్!