కణంలో జరిగే పంపకం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పుకొనే వారము. మా తెలుగులో తప్పులు దొర్లితే మన్నించ ప్రార్థన.

ఈ విషయానికి మన బాపట్ల దాటి పోనక్కరలేదు. మీరు తినే అన్నమే చాలు. సాంబ మసూరిని రైతులు బి.పి.టి. అంటారు గదా, ఆ అక్షరాలు బాపట్లవే. బి.పి.టి. 5204 ఇక్కడి వరి పరిశోధనలో తయారై 1986లో విడుదలయింది. జి.ఇ.బి. 24, తైచుంగ్ నేటివ్ 1 అను రెండు రకాలను కలిపి, ఆ సంతతిని మసూరితో కలిపారు. వరి పువ్వు ఎంత ఉంటుంది? అందులోని ఆరు కేసరాలను ముందే తీసివేసి, రెండవ రకం పుప్పొడిని దానిపై రాల్చాలి. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి.

ఆ పుప్పొడిలో, ఆ గింజలో ఉండేవి క్రోమోసోములు. వరి కణంలో 24, మనిషి కణంలో 46. మనిషికి 48 అని చాలాకాలం అనుకొన్నారు. 1956లో స్వీడన్ నుండి సరియైన లెక్క వెలువడింది. మామూలు సమయంలో ఇవి విడివిడిగా కనపడవు. సన్నని దారాలుగా కేంద్రకమంతా పరచుకొని ఉంటాయి. మా పిల్లలకు 'ధాగా' అంటే చాలు, అర్థమైపోతుంది. ఒక్క కణంలోని దారం మొత్తం సాగదీస్తే సుమారు 2 మీటర్లు!

కణం రెండుగా చీలబోయే ముందు ప్రతి దారానికి నకలు తయారవుతుంది. ఆ తర్వాతనే చుట్టుకోవడం. చీరాల మగ్గాల వారు నూలు చిక్కుపడకుండా చిలపలు చుడతారు చూడండి, అదే పని. చుట్టుకొన్న క్రోమోసోము, దాని నకలు నడుము వద్ద అతుక్కొని జంటగా కనపడతాయి. జంటలన్నీ కణం నడిమధ్యకు వచ్చి వరుసలో నిలుస్తాయి. రెండు ప్రక్కల నుండి కండె తంతువులు పట్టుకొంటాయి. ఒక్క జంటకు పట్టు దొరకకపోయినా కణం ఆగి చూస్తుంది. అన్నీ కుదిరాక లాగుడు. అసలు ఒక ప్రక్కకు, నకలు ఒక ప్రక్కకు. రెండు కణాలకూ 46 చొప్పున. దెబ్బతగిలిన చర్మం మానేది ఇట్లాగే.

అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు మాత్రం పద్ధతి వేరు. నకలు ఒక్కసారే, చీలడం రెండుసార్లు. అందుచేత 46కు బదులు 23 మాత్రమే మిగులుతాయి. తల్లి నుండి వచ్చినది, తండ్రి నుండి వచ్చినది ప్రక్కప్రక్కన చేరి ముక్కలు మార్చుకొని విడిపోతాయి. ఏది ఎటు పోతుందన్నది చీటీలు వేసినట్లే. బి.పి.టి. తల్లిదండ్రులను కలిపిన రెండవ తరంలో మొక్కమొక్కకూ తేడా కనిపించేది ఇందుకే. తరాల తరబడి ఏరుకొంటే గాని నిలకడైన రకం రాదు. తేడా వచ్చిందని ఏ మొక్కనూ ఎవ్వరూ తిట్టలేదు.

ఇక తల్లులు వినాలి, అత్తగార్లు మరీ వినాలి. స్త్రీలో రెండు ఎక్స్ క్రోమోసోములు. అండం ఏదైనా ఎక్స్ నే ఇస్తుంది. పురుషునిలో ఒక ఎక్స్, ఒక వై. వీర్యకణాలలో సుమారు సగం ఎక్స్ వి, సగం వై వి. వై గలది చేరితే అబ్బాయి, ఎక్స్ గలది చేరితే అమ్మాయి. అట్లాగని తండ్రిని దూషించమని కాదు, చీటీ అతని చేతిలోనూ లేదు.

ఇన్నేళ్ళుగా ఈ పాఠం నల్లబల్లపై గీసి చెప్పిన మేమే మా ఇంట నోరు మెదపలేదు. మాకు మూడవ అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మీ కోడలిని అనరాని మాట అన్నది. మా భార్య గోడవైపు తిరిగి పడుకొన్నది. మేము బజారుకు పోయినాము! మొన్న ఈ ప్రసంగం వ్రాసుకొంటూ అమ్మీకి చదివి వినిపించాము. మాకు ముందు ఆమెకు నలుగురు ఆడపిల్లలు. చాలాసేపు మాట్లాడలేదు. "ఈ మాట మీ దాదీ బ్రతికి ఉండగా ఎవ్వరూ చెప్పలేదేమి?" అని అడిగింది.

బయట బల్లమీద మైక్రోస్కోపు పెట్టించాము. రంగు వేసిన ఉల్లివేరు కొన ఉన్నది, 16 క్రోమోసోములు. ముందు ఆడవారిని చూడనివ్వండి.