చెక్క కత్తికి ఇత్తడి పొన్ను

రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పఠాన్ రుస్తుం పాత్రలో మెప్పించిన సీమ మనది. ఈ సీమలోని తారానగర్ లాంటి ఊళ్లలో నాటకానికి చెక్క కత్తి చేసుకునేవారికి ఈ నాలుగు మాటలు.

రంగేసిన పిడికి పొన్నుగా తొడిగే ఇత్తడి గొట్టం ఎందుకు ఎక్కదు? రంగు పొర పావు మిల్లీమీటరే అయినా, రెండు వైపులా కలిపి పిడి అర మిల్లీమీటరు లావెక్కుతుంది. సుత్తితో కొట్టి దించకండి. రంగు పెచ్చులూడితే పడ్డ కష్టమంతా పోతుంది. గొట్టం కూర్చునే మేర మాత్రమే గరుకు కాగితంతో రంగు తీసేయండి. గొట్టం లోపలి అంచును ఆకురాయితో తప్పక నున్నగా చేయండి, పిడిని గీసేది అదే. బండి చక్రానికి ఇనుప పట్టా కాల్చి తొడుగుతారు కదా అని ఇక్కడ వేడి చేయకండి, రంగు బొబ్బలెక్కుతుంది. వదులైతే పిడికి నూలు దారం చుట్టి, ఎపాక్సీ జిగురు పూసి, గొట్టం మెలితిప్పుతూ దించండి. పైకి వచ్చిన జిగురు వెంటనే తుడిచి, మర్నాటిదాకా కత్తి ముట్టుకోకండి.