ఇంకొకరి వివరాలు మీ చేతుల్లో

  

మొవ్వ అనగానే క్షేత్రయ్య గుర్తొస్తాడు, వెంటనే పక్కనున్న కూచిపూడి. ఇదే మండలంలోని పెదముత్తేవిలో 1953లో పుట్టిన జాస్తి చలమేశ్వర్ కూడా ఇవాళ ఇక్కడ పట్టాలు అందుకున్న పిల్లలకు గుర్తుండాలి. బందరు హిందూ హైస్కూల్లో చదివారు. మద్రాసు లయోలాలో ఫిజిక్సు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా పూర్తిచేశారు. 2011లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఇవాళ మీ ఫోనుకు, మీ మాటకు రాజ్యాంగం ఇస్తున్న రక్షణలో పెద్ద భాగం ఆయన కూర్చున్న ధర్మాసనాల నుంచే వచ్చింది.

మొదటిది మాట సంగతి. 2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై ఎందుకు మూతపడాలని ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో రాసింది, మరో అమ్మాయి దానికి లైక్ కొట్టింది. పాల్ఘర్ పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. మనవాళ్లూ తక్కువ తినలేదు. చీరాల ఎమ్మెల్యే గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు 2013 మేలో పౌరహక్కుల నాయకురాలైన ఒక న్యాయవాదిని పట్టుకెళ్లారు. ఈ కేసులన్నిటిలోనూ ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ వాడారు. ఎవరికైనా చిరాకు కలిగించే మాట రాస్తే మూడేళ్ల దాకా జైలు! శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని, అప్పటికి మీకంటే ఒకటి రెండేళ్లు పెద్దదేమో, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌ను కొట్టేశారు. అలాగని ఇంటర్నెట్‌ను అదుపు లేకుండా వదిలేయమనలేదు. పద్ధతి ప్రకారం వెబ్‌సైట్లను నిలిపేసే 69ఎ సెక్షన్‌ను ఉంచారు.

కొట్టేసిన తర్వాత కూడా పోలీస్ స్టేషన్లలో 66ఎ కింద కేసులు పెడుతూనే ఉన్నారని 2021లో బయటపడితే సుప్రీంకోర్టే నివ్వెరపోయింది. చట్టం తెలిసినవాళ్లు ఊళ్లో నలుగురైనా ఎందుకు ఉండాలో దీన్నిబట్టి మీరే ఆలోచించండి.

రెండోది గోప్యత. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్.పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ల వయసులో, ఆధార్‌ను సవాలు చేస్తూ కేసు వేశారు. గోప్యత ప్రాథమిక హక్కే కాదని కేంద్రం వాదించింది. అందుకు చూపిన పాత తీర్పుల్లో 1962 నాటి ఖరక్ సింగ్ కేసు ఒకటి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన అతని మీద ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు, రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టేవారు. ఆ తలుపు కొట్టడం తప్పేనని ఆరుగురు జడ్జీలూ అన్నారు గానీ, గోప్యత అనే హక్కు మాత్రం రాజ్యాంగంలో లేదని నలుగురు రాశారు. ఒప్పుకోనిది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. నిఘా నీడలో తిరిగే మనిషికి స్వేచ్ఛ ఉన్నట్టు కాదన్నది ఆయన వాదన. జస్టిస్ షా ఆయనతో కలిశారు.

2015 ఆగస్టులో, గోప్యత హక్కా కాదా అన్న ఈ చిక్కుముడిని పెద్ద ధర్మాసనమే విప్పాలని పంపింది చలమేశ్వర్ నాయకత్వంలోని ముగ్గురు జడ్జీలే. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పారు. దాదాపు 55 ఏళ్లకు సుబ్బారావు మాట నెగ్గింది. ఆ తొమ్మిది మందిలో చలమేశ్వర్ ఉన్నారు. 2023లో మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చిన అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు. ఎవరూ కదిలించకుండా ప్రశాంతంగా ఉండగలగడం, చాటుగా తొంగిచూసే కళ్లు లేకపోవడం, సొంత జీవితపు నిర్ణయాలు సొంతంగా తీసుకోగలగడం: గోప్యతలో ఈ మూడూ ఉన్నాయని చలమేశ్వర్ విడిగా రాసిన తీర్పులో చెప్పారు.

ఇక అసలు బెంగ. గోప్యత అంటే నా ఫోను, నా పాస్‌వర్డ్, నా ఫొటో అనుకుంటున్నారు మీరంతా. రేపు మీలో ఒకరు సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్, ఒకరు బ్యాంకులో క్లర్కు, ఒకరు ఆసుపత్రి కౌంటర్లో, ఇంకొకరు హైదరాబాద్‌లో కంప్యూటర్ ముందు. పది ఊళ్ల జనం వివరాలు మీ వేళ్ల కింద ఉంటాయి. దానికి ఎంతమంది సిద్ధంగా ఉన్నారు?

మన రాష్ట్రంలో జరిగిందే చూడండి. 2017లో బయటికొచ్చిన ఒక అధ్యయనం నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బాహాటంగా కనిపిస్తున్నాయని తేల్చింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. మరుసటి ఏడాది రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్, కులం, మతం కనిపించాయి. వీటికి దొంగలు అవసరం రాలేదు. వివరాలు దాచి ఉంచాలని అక్కడ ఎవరికీ తట్టలేదు, అంతే.

బ్యాంకులో పెట్టిన కాగితం మాటేమిటి? దస్తావేజుల తనిఖీ కోసం రాష్ట్రం స్టాంపు చట్టాన్ని సవరించుకుంటే, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్‌కూ కెనరా బ్యాంకుకూ నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2004లో ఆ సవరణను నిలబడనివ్వలేదు. కాగితం బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన ఖాతాదారు గోప్యత పోదన్నది. ఇంటర్నెట్ అంతా ఇప్పుడు అదే ప్రశ్న మీద నడుస్తోంది.

మీ మీద కోపమూ ఉంది నాయనా. లోన్ యాప్ వేసుకుని, ఏమడిగితే దానికి ‘అలౌ’ నొక్కి, అమ్మ నంబరు, మేనత్త నంబరు, పాఠం చెప్పిన మాస్టారి నంబరు అప్పిచ్చినవాడికి అప్పజెప్పేస్తారా? వాళ్లను అడిగారా? 2020 చివర తెలంగాణలో లోన్ యాప్‌లవాళ్ల వేధింపులకు తాళలేక కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ యాప్‌లు కాంటాక్టులను, కాల్ వివరాలను, ఫొటోలను తాకకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలిచ్చింది. మోసపోతే సిగ్గుపడి తలుపేసుకోవద్దు తల్లీ, 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంటర్నెట్‌ను ఎంతవరకు అదుపు చేయాలన్న వాదన మీ కాలమంతా నడుస్తుంది. మాట్లాడేవాళ్ల నోరు మూయించడానికి తొందరపడే ప్రభుత్వాలు వివరాలు కాపాడడానికి ఏళ్లు తీసుకున్నాయి. గోప్యత తీర్పు 2017లో వస్తే డేటా రక్షణ చట్టం 2023లో, నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వివరాలు సరిగా కాపాడని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చని ఆ చట్టం చెబుతోంది. భద్రత, శాంతిభద్రతల పేరుతో తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు మాత్రం అందులో కేంద్రానికి ఉంది. కట్టుదిట్టం వివరాలు పోగేసేవాళ్ల మీద ఉండాలి, మాట్లాడేవాళ్ల మీద కాదు. ఈ మినహాయింపుల మీద మీరు ప్రశ్నలు వేయాలి, లాయర్లయితే కేసులు వేయాలి.

కోర్టుదాకా వెళ్లక్కర్లేని పని ఒకటి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఎదురవుతుంది. లబ్ధిదారుల జాబితా గోడకు అంటించమనో, వాట్సాప్ గ్రూపులో పెట్టమనో పైనుంచి కబురొస్తుంది. 2016 నాటి ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ఆధార్ నంబరును బహిరంగంగా ప్రదర్శించకూడదు. ఆ కాలమ్ తీసేసి, ఫోన్ నంబర్ల కాలమ్ కూడా తీసేసి, మిగిలింది పెట్టండి. కాదంటే ఆదేశం కాగితం మీద ఇవ్వమని మర్యాదగా అడగండి.