సిమ్ లేదు, టవర్ లేదు, 48 గంటల పోటీ: హ్యామ్ రేడియో కాంటెస్ట్ ఎట్లా నడుస్తది?

 

ముందుగా ఒక ప్రశ్న. శివరాత్రి జాతర రోజు రాత్రి ధర్మగుండం దగ్గర నిలబడి ఎవరికైనా ఫోన్ కలిపి చూసిన్రా? సిగ్నల్ గీతలు నిండుగా ఉంటయ్, కాల్ మాత్రం పోదు. టవర్ పాడైందని కాదు. ఒక టవర్ ఒకేసారి ఇంతమందికే అని లెక్క ఉంటది, మొక్కులకు వచ్చిన జనం ఆ లెక్కకు ఎన్నో రెట్లు. ఇది పండుగ కాబట్టి నడుస్తది, కాసేపు వెతుక్కుంటే మనవాళ్లు దొరుకుతరు. మరి 2021 సెప్టెంబర్‌లో సిరిసిల్ల వీధుల్లోకి నీళ్లొచ్చినయ్. 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చింది, కింది ఊళ్లన్నీ రాత్రంతా మేల్కొని ఉన్నయ్. అట్లాంటి టైంలో కరెంటు పోయి, టవర్ బ్యాటరీ కూడా అయిపోతే ఎవరితోటి మాట్లాడతం?

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు ఒక ఆట ఆడతరు. ఇవాళ ఆ ఆట గురించే.

హ్యామ్ రేడియో పేరు వినే ఉంటరు. సర్కారు పరీక్ష పాసై, లైసెన్స్ తీసుకొని, సొంత రేడియో సెట్టుతో మాట్లాడేవాళ్లు హ్యామ్‌లు. వ్యాపారం మాట్లాడొద్దు, పైసలు తీసుకోవద్దు. ప్రతి ఒక్కరికీ ఒక కాల్ సైన్ ఉంటది. మన దేశంలో ఎక్కువగా వీయూ2, వీయూ3 అని మొదలవుతయ్. రాజీవ్ గాంధీ కూడా హ్యామే, ఆయన కాల్ సైన్ వీయూ2ఆర్‌జీ.

మధ్యలో టవర్ లేకుండా మాట అమెరికా దాకా ఎట్ల పోతది? షార్ట్‌వేవ్ సిగ్నల్ ఆకాశంలోకి పోయి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఉండే అయనోస్ఫియర్ పొరకు తగిలి మళ్లీ నేల మీదికి వంగి వస్తది. క్యారమ్ బోర్డులో రీబౌండ్ కొట్టినట్టు. ఆ పొరను తయారు చేసేది సూర్యుడు. అందుకే పొద్దుటికి ఒక దేశం, సాయంత్రానికి ఇంకో దేశం వినబడతది. సూర్యుడి మీద మచ్చలు 11 ఏళ్లకోసారి అటూ ఇటుగా పెరిగి తగ్గుతుంటయ్. 2024లో అవి బాగా పెరిగినయ్, అప్పుడు 10 మీటర్ల బ్యాండులో చిన్న సెట్టుతో కూడా ఖండాలు దాటిన్రు.

ఇక పోటీ సంగతికొద్దాం. అన్నిట్లకు పెద్దది సీక్యూ వరల్డ్ వైడ్. 1948 నుంచి నడుస్తున్నది, ప్రపంచం మొత్తంలో 35 వేల మందికి పైగా దిగుతరు. గొంతుతో ఆడేది అక్టోబర్ చివరి పూర్తి వారాంతం, మోర్స్ కోడ్‌తో ఆడేది నవంబర్ చివరి పూర్తి వారాంతం. మన టైం ప్రకారం శనివారం పొద్దున 5:30కి మొదలై సోమవారం పొద్దున 5:30కి ఆగుతది. 48 గంటలు. నిద్ర మీ ఇష్టం.

పని చెప్పుకుంటే చాలా చిన్నది. ఎదుటి స్టేషన్ కాల్ సైన్ పట్టుకోవాలి, మన కాల్ సైన్ చెప్పాలి, ఒక సిగ్నల్ రిపోర్ట్, ఒక జోన్ నంబర్ ఇచ్చి పుచ్చుకోవాలి. ప్రపంచాన్ని 40 జోన్లు చేసిన్రు, మనది 22. అంటే వేములవాడ నుంచి మాట్లాడేటాయన "ఫైవ్ నైన్, టూ టూ" అంటడు. అయిపోయింది, తరువాత మనిషి. ఒక కాంటాక్ట్‌కు పది సెకన్లు కూడా పట్టదు. ఇండ్ల ఒక తమాషా ఉంది. ఫైవ్ నైన్ అంటే "మీ మాట బ్రహ్మాండంగా వినబడుతున్నది" అని అర్థం. కాంటెస్ట్‌లో అందరూ అందరికీ అదే ఇస్తరు. "మీది ఫైవ్ నైన్ సార్, కొంచెం మీ కాల్ సైన్ మళ్లీ చెప్పున్రి, వినబడలేదు" అనుడు అక్కడ మామూలే!

స్కోర్ దగ్గర అసలు మజా ఉన్నది. వేరే ఖండంతో మాట్లాడితే 3 పాయింట్లు. మన ఆసియాలోనే వేరే దేశమైతే 1. మన దేశంలోనే అయితే సున్నా. మొత్తం పాయింట్లను మల్టిప్లయర్‌తో గుణిస్తరు. ఒక్కో బ్యాండులో తగిలిన ప్రతి కొత్త దేశం ఒక మల్టిప్లయర్, ప్రతి కొత్త జోన్ ఇంకొకటి.

లెక్క వేసి చూద్దాం. మీరు యూరప్‌తో 200 కాంటాక్టులు చేసిన్రనుకోండి, 600 పాయింట్లు. జపాన్‌తో 100 చేస్తే ఇంకో 100. మొత్తం 700. మల్టిప్లయర్లు 60. స్కోర్ 42,000. ఇప్పుడు ఇంకొక జర్మనీ స్టేషన్ దొరికింది, జర్మనీ మీకు ఇదివరకే ఉన్నది. 703 ఇంటూ 60, స్కోర్ 180 పెరిగింది. దాని బదులు ఆఫ్రికాలో ఒక కొత్త దేశం దొరికింది, అది కూడా మీకు దొరికిన జోన్‌లోదే అనుకుందాం. 703 ఇంటూ 61, అంటే 883 పెరిగింది. దాదాపు ఐదు రెట్లు! కానీ ఆ కొత్త దేశం కోసం మీలాంటోళ్లు వంద మంది ఒక్కసారే అరుస్తుంటరు, అరగంట పోవచ్చు. ఆ అరగంటలో జర్మనీలు ఎన్ని దొరుకుతుండె? ఈ నిర్ణయం 48 గంటలు తీసుకుంటనే ఉండాలె. అందుకే దీన్ని ముసలోళ్ల కాలక్షేపం అంటే నేను ఒప్పుకోను. ఏ బ్యాటిల్ గేమ్‌కూ ఇది తీసిపోదు.

ఇంకో మాట, ఇది ఇంజనీర్ బుద్ధితో చెబుతున్న. ఈ ఆటకు అంపైర్ లేడు. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చొని ఆడతరు. మరి నేను వెయ్యి మందితో మాట్లాడిన అని ఉత్తగనే రాసుకుంటే? రాసుకోలేరు. పోటీ అయిపోయినంక ఐదు రోజుల లోపల అందరూ తమ లాగ్ ఫైల్ పంపుతరు. అవన్నీ ఒకదాంతో ఒకటి పోల్చి చూస్తరు. ఎస్‌క్యూఎల్ తెలిసినోళ్లకు అర్థమై ఉంటది, పెద్ద జాయిన్ క్వెరీ అన్నట్టు! మీ లాగ్‌లో నేనున్న, నా లాగ్‌లో మీరు లేరు, అయితే ఆ కాంటాక్ట్ చెల్లదు. ఒక్క అక్షరం తప్పు విన్నా చెల్లదు. పోయిన పాయింట్లతో పాటు పైన పెనాల్టీ కూడా పడతది. టాప్ ప్లేసులకు పోటీ పడేవాళ్లు ఆడియో రికార్డింగ్ కూడా పెట్టుకోవాలె. మీ నిజాయితీకి సాక్షి ఎదుటి మనిషి రాసుకున్న లైను. ఈ డిజైన్ నాకు భలే నచ్చింది.

ఇండ్లనే క్లబ్బుల పోటీ కూడా ఉన్నది. సభ్యులందరూ ఒక్కచోట చేరాల్సిన పని లేదు. ఎవరి మిద్దె మీద నుంచి వాళ్లు ఆడి, లాగ్‌లో క్లబ్ పేరు రాస్తే ఆ స్కోర్లన్నీ కలుపుతరు. లిస్టులో పేరు రావాలంటే కనీసం నాలుగు లాగ్‌లు కావాలె. ఇక్కడ కొత్తోళ్లకు గిరాకీ ఉంటది! పెద్ద సెట్టు ఉన్న సీనియర్ ఎంత ఆడినా ఆయనది ఒక్కటే లాగ్. అందుకని ఆయనే నిచ్చెన తెచ్చి, కొత్త పిలగాని ఇంటి మీద వైరు కడతడు. పిలగాడు వంద కాంటాక్టులు చేసినా క్లబ్‌కు లాభమే.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు పోదాం. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని 1983 నుంచి ఒక సంస్థ ఉన్నది. 2004 డిసెంబర్‌లో వాళ్ల టీం అండమాన్ పోయింది, భారతీ ప్రసాద్ గారు దానికి లీడర్. ఎందుకు పోయిన్రు? హ్యామ్‌ల లెక్కలో అండమాన్ ఒక వేరే దేశం కింద వస్తది. చాలా ఏళ్లుగా అక్కడి నుంచి ఎవరూ గాలిలోకి రాలేదు. వీయూ4ఆర్‌బీఐ అనే కాల్ సైన్ వినబడంగనే ప్రపంచమంతా ఎగబడ్డది. పోర్ట్ బ్లెయిర్‌లో కూర్చొని గంటలు గంటలు అదే పని, గోలలోంచి ఒక్క కాల్ సైన్ ఏరుకొనుడు, రాసుకొనుడు, తరువాత మనిషి.

డిసెంబర్ 26, ఆదివారం పొద్దున భూకంపం. వెనుకనే సునామీ. ఫోన్లు పోయినయ్. ఆ టీం ఆట ఆపేసింది. అవే సెట్లు, అవే యాంటెనాలు, అదే చెవి. అప్పటి నుంచి దీవుల్లో చిక్కుకున్నవాళ్ల కబుర్లు ఇవతలి ఒడ్డున ఉన్న ఇంటోళ్లకు చేరవేసిన్రు. "మావాళ్లు బతికే ఉన్నరు" అన్న ఒక్క మాట కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తుంటే ఆ మాట రేడియోలో వచ్చింది. రద్దీలో, గరగరలో, నిద్ర లేకుండా ఒక పేరును తప్పు లేకుండా పట్టుకునే అలవాటు ఆ వారాల్లోనే వాళ్లకు బాగా పదునెక్కి ఉన్నది. అమెరికాలో 1933 నుంచి ఫీల్డ్ డే అని ఏటా జూన్‌లో జనరేటర్లు, బ్యాటరీలు పట్టుకొని పొలాల్లోకి పోయి ఆడేది కూడా ఇందుకే.

"అన్నా, సెట్టుకు లక్షలైతయ్ కదా" అంటరు. పెద్ద కంపెనీది కొంటే అవును. కానీ మన హైదరాబాద్‌లోనే అష్హర్ ఫర్హాన్ గారు బిట్ఎక్స్ అని 6 వాట్ల సెట్టు డిజైన్ చేసి, బొమ్మతో సహా అందరికీ ఇచ్చేసిన్రు. దొరకని విడిభాగాల బదులు బజార్లో దొరికేవి వాడుకోవచ్చు, కాయిల్ చుట్టడానికి నల్లా వాషర్ కూడా పనికొచ్చింది! ప్రపంచమంతా దాన్ని చూసి సొంతంగా చేసుకున్నరు. బంజారాహిల్స్ లామకాన్‌లో కూడే రేడియో మిత్రుల వెనుక ఉన్నదీ ఆయన ఊపే. 6 వాట్లంటే మీ పాత ఫోన్ చార్జర్ అంత. యాంటెనాకు 40 మీటర్ల బ్యాండుకైతే సుమారు 20 మీటర్ల రాగి వైరు, మధ్యలోంచి కేబుల్. అపార్ట్‌మెంటులో అది కట్టుడు కష్టం, రెండు తాటిచెట్లున్న మన పొలంలో సులువు. పైగా ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు పుట్టించే గరగర పట్నంలో చెవులు పగలగొడతది. పొలం కాడ నిశ్శబ్దం. ఈ ఒక్క ఆటలో ఊరోడికే అడ్వాంటేజ్.

లైసెన్స్ సంగతి. వయసు 12 నిండాలె. కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష రాయాలె. రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అవసరం లేదు, జనరల్ గ్రేడ్‌కు కావాలె. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే సిలబస్ భయపెట్టదు. పాసైనంక కాల్ సైన్ చేతికొచ్చేదాకా మాత్రం ఓపిక పట్టాలె. ఒక ఊరికి నలుగురికన్నా లైసెన్స్ ఉంటే, వరద రాత్రి కలెక్టరేట్ పక్కన కారు బ్యాటరీ మీద ఒక సెట్టు పెట్టొచ్చు. దానికి ఇంత లేటు ఎందుకో నాకైతే అర్థం కాదు. అట్లని ఆన్‌లైన్‌లో చవకగా వాకీటాకీ కొని లైసెన్స్ లేకుండా మాట్లాడకున్రి, అది చట్టవిరుద్ధం.

వినడానికైతే మీ ఫోన్ చాలు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీవాళ్లు తమ రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో పెట్టిన్రు, వెబ్ఎస్‌డీఆర్ అని వెతకున్రి. అక్టోబర్ చివరి పూర్తి వారాంతంలో శనివారం సాయంత్రం 14 మెగాహెర్ట్జ్ దగ్గర, 14,150 కిలోహెర్ట్జ్ నుంచి మెల్లగ పైకి జరపండి, యూఎస్‌బీ మోడ్ పెట్టుకోండి. యూఎస్‌బీ అంటే కేబుల్ కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్. మొదట చేపల మార్కెట్ లెక్క గోల వినబడతది. పది నిమిషాలు ఆగండి. "విక్టర్ యూనిఫాం" అని ఎవరన్నా అంటే అది మన దేశపు స్టేషన్. ఎన్ని దొరికినయో రాసుకొని నాకు చెప్పున్రి.

వచ్చే ఎపిసోడ్‌లో మన మిద్దె మీద ఆ 20 మీటర్ల వైరు కట్టి చూపిస్త. కేబుల్, సోల్డరింగ్, ఖర్చు, అన్నీ కెమెరా ముందే. ఉంట మరి.