నిండిన సిలిండరు



పాలు కాచునప్పుడు పొంగు గిన్నె యంచు దాక వచ్చును. చూచువారికి గిన్నె నిండినట్లే తోచును. పొయ్యి మీదినుండి దించినచో పాలు మునుపటి మట్టమునకే దిగిపోవును. పొంగును చూచి పాలు పెరిగినవని మన యిండ్లలో నెవరును భ్రమపడరు. ప్రాణవాయువు సిలిండరునందును ఇట్టి పొంగొకటి కలదు. దానిని గూర్చియే నేడు విన్నవించెదను.

సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి 2020, 2021 సంవత్సరములలో కోవిడు రోగులతో నిండిపోయిన సంగతి మీ రెఱిగినదే. ప్రాణవాయువు తెచ్చుటకై 2021 ఏప్రిల్ 23వ తేదీన బేగంపేటనుండి ఖాళీ టాంకర్లను సైనిక విమానములలో ఒడిశాకు పంపవలసి వచ్చెను. ఆ దినములలోనే మా యన్నగారికి పడక దొరకక, ఇంటియందే ప్రాణవాయువు పెట్టితిమి. నేను వరుసలో నిలిచి, తొందరపెట్టి, చిన్న సిలిండరు నొకదానిని నింపించి తెచ్చితిని. నింపినచోట ముల్లు 150 చూపినది. ఐదు గంటలు వచ్చునని లెక్కించుకొని రాత్రి పదింటికి తగిలించితిమి. మూడింటి దాక రావలసినది రెండున్నరకే అయిపోయెను. ప్రక్క యింటివారు తమ సిలిండరు నిచ్చి ఆదుకొనిరి.

మఱునాడు నేను కోపముతో పోయి యడుగగా, నింపువారిలో నొక వృద్ధుడు, "పంతులుగారూ, గాలి యెక్కడికిని పోలేదు, వేడి పోయినది" అనెను.

ఆతని మాట నిజము. సైకిలునకు గాలి కొట్టునప్పుడు పంపు చేతికి వెచ్చగా తగులును గదా! వాయువును వడిగా కుక్కినచో వేడెక్కును. వేడెక్కిన వాయువు సిలిండరు గోడలను మఱింత బలముగా త్రోయును. ముల్లు ఆ త్రోపునే చూపును గాని, లోపలి సరకును తూచదు. 60 డిగ్రీల వేడిలో 150 చూపిన ముల్లు, 30 డిగ్రీలకు చల్లారినపిదప 135 ప్రాంతమునకు దిగును.

ఇక లెక్క వినుడు. చిన్న సిలిండరు లోపలి చోటు సుమారు 10 లీటర్లు. 150 ఒత్తిడిలో అందు 1500 లీటర్ల వాయువు పట్టును. నిమిషమునకు 5 లీటర్ల చొప్పున ఐదు గంటలు వచ్చును. ఒత్తిడి 135 అయినచో 1350 లీటర్లే, నాలుగున్నర గంటలే. ఆ యరగంట రోగిని పల్లెనుండి పట్టణమునకు చేర్చు నరగంట కావచ్చును.

కావున మీ గ్రామమునకు సిలిండరు తెచ్చునప్పుడు నింపువానిని తొందరపెట్టకుడు. మెల్లగా నింపినచో వేడి తక్కువ. నింపిన పిమ్మట చేతితో తాకి చూడుడు. వెచ్చగా నున్నచో నీడలో నిలిపి, చల్లారినపిదప ముల్లు చూచి, తక్కువైనచో అచ్చటనే మరల నింపింపుడు. అంతేకాని, వేడిమీదనే "ఇంకొంచెము" అని హద్దు దాటింపకుడు, అది ప్రమాదము. ఎండలో నుంచకుడు. మూతికి నూనె గాని జిడ్డు గాని తగులనీయకుడు. ప్రాణవాయువుతో కలిసిన నూనె భగ్గున మండును. ఐదేండ్ల కొకమారు జరుగవలసిన పరీక్ష తేదీ సిలిండరుపై చెక్కియుండును, అదియును చూచుకొనుడు.

ఆ రాత్రి ప్రక్క యింటివా రిచ్చిన సిలిండరుతో మా యన్నగారు గట్టెక్కిరి. అందరికిని అట్టి పొరుగు సమయమునకు దొరకదు. చల్లారినపిదప ముల్లు చూచుట మాత్రము అందరి చేతిలోని పని. సెలవు.